అరవై నాలుగో పత్రం

ఊరు కొండ మీదికి వచ్చిన నలభై ఒకటో ఏడు, జూలై 3

ఈ రోజు నుంచి డాక్టర్ బెహరా సుగుణావతి గారి పత్రాల లెక్క ఉండే పుట మూసే పని నాకు అప్పగించారు. ఆవిడ పోయి పదకొండు నెలలు కావొస్తోంది. శాస్త్రవేత్త పోయిన ఏడాదిలోగా వారి పత్రాలన్నిటినీ ఒక మనిషి చేత్తో పట్టుకుని చూసి, ఉన్నాయని రాసి, కింద సంతకం చేసి పుట మూయాలి. మా భాండాగారంలో యంత్రాలకు వదలని పని ఇదొక్కటే. కోన అనసూయ అనే నాకు ఇంకా ఉద్యోగం ఉందంటే దీని వల్లే.

పొద్దున్నే పొగమంచు కిటికీలోంచి లోపలికి వచ్చేసింది. ముందు కుంపటి రాజేసి బీరువాల దగ్గర కాసేపు ఉంచాను. లేకపోతే కాగితాలు చెమ్మ పట్టి ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఆ తర్వాత ఆవిడ పెట్టె దించాను.

సుగుణావతి గారు జీవకణాల మీద పనిచేశారు. నలభై ఏళ్లలో అరవై మూడు పత్రాలు. మిగతా ప్రయోగశాలలు తమ పత్రాల్లో వాటిని ప్రస్తావించింది పదకొండు వేల నాలుగు వందల ఎనిమిది సార్లు. వాటిలో రెండు వేలకు పైగా నలభై ఒకటో పత్రానివే. కాలిన ఒంటి మీద కప్పడానికి తొమ్మిది రోజుల్లో చర్మం పెంచే పద్ధతి అది. మా వీధిలో మరిగే నూనె పడిన పిల్ల ఉంది. దాని మెడ మీద ఇప్పుడున్నది ఆ చర్మమే.

సాయంత్రానికి అరవై మూడూ చూడడం అయింది. ఏదీ తక్కువ లేదు. కానీ తెర మీద ఆవిడ పుటలో పత్రాల సంఖ్య అరవై నాలుగు అని ఉంది.

జూలై 4

అరవై నాలుగో పత్రం పేరు, "జబ్బుపడిన కాలేయాన్ని రోగి ఒంట్లోనే తిరిగి పెంచే పద్ధతి". ఆవిడ పోయిన రెండు నెలలకు నమోదైంది. పెట్టెలో లేదు, బీరువాల్లో లేదు, భాండాగారం జ్ఞాపకంలోనూ లేదు. ఇతరుల పత్రాల చివర ఉండే జాబితాల్లో దాని పేరు మాత్రం ఉంది. నూట పద్దెనిమిది జాబితాల్లో.

యాభై దాటడమే చిన్న విషయం కాదు. యాభై ప్రస్తావనలు వచ్చాయంటే యాభై చోట్ల చేసి చూశారని లెక్క. ఆ తర్వాత ఆసుపత్రులు ఎవరినీ అడగకుండా ఆ పద్ధతి వాడుకోవచ్చు.

ఏడు ప్రయోగశాలలకు ఫోన్ చేశాను. ఏడుగురూ ఒకే మాట చెప్పారు, మా లేఖరి రాసి ఉంటుంది అని. ప్రతి ప్రయోగశాలలో ఒక లేఖరి యంత్రం ఉంటుంది. మైక్రోస్కోప్ ఫొటోలు తీసుకుని, అక్కడి మాటలు వింటూ పత్రాలు అదే రాస్తుంది. రాసినవాటిని వేరే లేఖరులు చదువుతాయి. మనుషులు చదవడం మానేసి చాలా ఏళ్లయింది. ఏడో ఫోన్ ఎత్తిన అమ్మాయి తాము చోడి (రాగి) మొక్కల వేళ్ల మీద తప్ప ఇంకే పనీ చేయమని, కాలేయ కణాలను తాను కంటితో కూడా చూడలేదని చెప్పింది. ఆమె ప్రయోగశాల పేరుతో వచ్చిన పత్రం మాత్రం ఆ పద్ధతి చేసి చూశామని, చక్కగా పనిచేసిందని అంటోంది.

తాళం వేసే ముందు మళ్లీ చూశాను. నూట ఇరవై ఒకటి.

జూలై 8

మా తమ్ముడు తవిటినాయుడికి ఆసుపత్రి నుంచి చీటీ వచ్చింది. జూలై ఇరవై ఒకటిన రమ్మన్నారు. వాడు రోప్‌వే నడిపేవాడు. కాలేయం పాడై పద్నాలుగు నెలలుగా ఇంట్లోనే ఉంటున్నాడు. కళ్లు పసుపు రంగు, కాళ్లు నీరు. నేను కాచే జావ తప్ప ఏదీ ఇమడదు.

చీటీ చేతికిచ్చి, కొత్త పద్ధతట, ఇప్పటికే తొమ్మిది మందికి చేశారట, అందరూ లేచి తిరుగుతున్నారట అని చెప్పాడు. ఏడాది తర్వాత వాడి గొంతులో నవ్వు విన్నాను. చీటీ అడుగున చిన్న అక్షరాల్లో పద్ధతి ఎవరిదో రాసి ఉంది. బెహరా, 64.

జావ పొంగిపోతుంటే పొయ్యి దగ్గరికి వెళ్లాను.

జూలై 10

ప్రస్తావించిన పత్రాలన్నీ అచ్చు వేసి బల్లల మీద పరిచాను. నూట ముప్పై నాలుగు అయ్యాయి. ప్రతిదానిలోనూ కణాల ఫొటో ఒకటి ఉంది. మైక్రోస్కోప్ కింద తీసినది. ఒకదానిలో కొంచెం ఎరుపు, ఒకదానిలో నీలం, ఒకటి తలకిందులు. ఒక్కొక్కటే తిప్పి సరిగ్గా పెట్టుకుంటూ వచ్చాను. ప్రతి ఫొటోలోనూ కుడివైపు పైమూలలో, గోరుతో గీసినట్టు, తెల్లని వంకర గీత ఉంది.

నూట ముప్పై నాలుగు ఊళ్ల కణాల్లో ఒకే చోట ఒకే గీత. గదిలో ఇంకెవరో నిలబడి ఆ గీతలను నాతోపాటు లెక్కపెడుతున్నట్టు అనిపించి రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాను.

జూలై 11

సుగుణావతి గారి దగ్గర ముప్పై ఏళ్లు పనిచేసిన చింతాడ గవరయ్య గారిని వెతికి పట్టుకున్నాను. కణాలున్న గాజుపళ్లేలు కడగడం, మేత మార్చడం ఆయన పని. డెబ్బై దాటాయి. ఫొటో చేతిలో పెట్టగానే గీత మీద వేలు పెట్టాడు.

"ఇది మా అమ్మగారి మైక్రోస్కోపు అద్దం మీద గీతండి. నా సేతిలోంచి జారిపోయి పడ్డాది. ఇరవై ఏళ్లయిపోనాది."

అంటే ఎవరూ ఎక్కడా ఏదీ చేసి చూడలేదు. ఒకే ఫొటో ఒక లేఖరి నుంచి ఇంకో లేఖరికి, అక్కడి నుంచి మరోదానికి పోయింది.

ప్రయోగశాల చూపించమని అడిగాను. వద్దన్నట్టు తల ఊపాడు కానీ తాళంచెవి తీసుకుని వచ్చాడు. మధ్యాహ్నం ఎండలో నడిచి వెళ్లాం. పదకొండు నెలలుగా మూసి ఉన్న గది. ఇంక్యుబేటర్లు చల్లబడి ఉన్నాయి. లోపలి పళ్లేలలో పాల మీద మీగడ ఎండినట్టు పలచని పొర తప్ప ఏమీ లేదు.

లేఖరి దీపం మాత్రం వెలుగుతోంది. పైకప్పు మీది సౌరపలక తీగ ఎవరూ తీసేయలేదు. దాని తెర మీద రోజుకొక వాక్యం ఉంది. అన్నీ ఒకటే వాక్యం. "ఈ రోజు కణాలు బాగున్నాయి. మేత మార్చడమైంది." వేలు పెట్టి పైకి జరుపుతూ పోయాను. ఎంత జరిపినా అదే.

అప్పుడు గదిలో ఒక ఆడమనిషి గొంతు వినిపించింది. పెద్దావిడ గొంతు, కొంచెం బొంగురు.

"గవరయ్యా, తలుపు వెయ్యి. చలిగాలి వస్తోంది."

గవరయ్య గారు వెళ్లి తలుపు వేసి వచ్చాడు. వచ్చి చేతులు కట్టుకుని, నేలవైపు చూస్తూ నిలబడ్డాడు. లేఖరికి తన గొంతు ఆవిడే ఇచ్చారని నాకు తర్వాత చెప్పాడు. బయట ఎండ కాస్తూనే ఉంది.

ఈ కణాలు ఎప్పుడు పోయాయని అడిగాను. తనకు గుర్తులేదన్నాడు. అబద్ధమని తెలుస్తూనే ఉంది.

జూలై 13

ఆసుపత్రిలో మొదట ఈ వైద్యం చేయించుకున్నది బోణంగి నరసమ్మ. చింతపల్లి దారిలో ఇడ్లీల బండి నడుపుతుంది. మూడున్నర నెలలైంది. వెళ్లేసరికి పిండి రుబ్బుతోంది. బుగ్గలు మెరుస్తున్నాయి. నా ముందే ఆరు ఇడ్లీలు తిని, బెల్లం ముక్క నోట్లో వేసుకుంది. ఆకలి ఆగడం లేదట. అలసట లేదట. నిద్ర కూడా అంతగా అక్కర్లేదట.

ఇంకేమైనా మార్పు ఉందా అని అడిగాను. సిగ్గుపడుతూ నవ్వి, నా చెయ్యి పట్టుకుని పక్కటెముకల కింద పెట్టుకుంది. గట్టిగా, రొట్టె పెనంలా వెచ్చగా ఉంది. ఆ గట్టిదనం ఎక్కడ ఆగుతుందో అని చెయ్యి కిందికి జరిపాను. బొడ్డు దాటింది. నడుము ఎముక దగ్గర కానీ ఆగలేదు.

"లోపలెవరో కూకున్నట్టుంటాదమ్మా," అంది మెల్లగా. "నెప్పేటీ లేదు. తోడున్నట్టుంటాది."

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. చాలాసేపటి వరకు అరచేతిలో ఆ వేడి పోలేదు.

జూలై 14

మా నమోదు అధికారి పాణిగ్రాహి గారికి అన్నీ చూపించాను. ఆయన చెడ్డ మనిషి కాదు. ఫొటోలన్నీ ఓపిగ్గా చూశారు. చూసి, పత్రాన్ని వెనక్కి తీసుకునే హక్కు రాసినవారికే ఉంటుందని, రాసినవారు పోయారని, పైగా లేని పత్రాన్ని ఎలా వెనక్కి తీసుకోవాలో నియమాల్లో లేదని చెప్పారు. ఆసుపత్రికి ఉత్తరం రాస్తానన్నారు. దాన్ని అక్కడి యంత్రం చదివి, ప్రస్తావనలు నూట నలభై ఉన్నాయని జవాబిస్తుంది. అది ఆయనకూ తెలుసు.

మరి దారే లేదా అని అడిగాను.

"ఉంది. తప్పుడు పుట అని రాసి మీరు మూసేయవచ్చు. ఆ అధికారం మీకుంది. అయితే అరవై నాలుగుతో పాటు మిగతా అరవై మూడూ చెల్లకుండా పోతాయి. చర్మం పద్ధతి కూడా. బాగా ఆలోచించండి అనసూయ గారూ."

మెడ మీద కొత్త చర్మంతో స్కూలుకి పోయే పిల్ల గుర్తొచ్చింది. రేపు ఇంకో ఇంట్లో ఇంకో పిల్ల కాలితే? నలభై ఏళ్లు ఒక మనిషి కళ్లు పోగొట్టుకుని చేసిన పని అది. కలం తీసి మళ్లీ పెట్టేశాను.

జూలై 15

తమ్ముడికి చెప్పాను. దాచి ఉంచడం నా వల్ల కాలేదు. మొత్తం విన్నాడు. నరసమ్మ ఎన్ని నెలలు బాగుందని అడిగాడు. మూడున్నర అన్నాను. ఆ తర్వాత ఏమవుతుందో తెలియదన్నాను.

"మూడున్నర నెలలంటే తక్కువా అప్పా? అన్నం తినొచ్చు. బండెక్కొచ్చు. నువ్వేటి సేస్తావో సెయ్యి, గాని ఇరవై రెండో తారీకున సెయ్యి."

వాడు నన్ను ఏదీ అడిగే మనిషి కాదు. అమ్మ పోయినప్పుడు కూడా ఏమీ అడగలేదు. నేను వాడి చొక్కా తీసుకెళ్లి ఉతికాను.

జూలై 16

పొద్దున్నే గవరయ్య గారు తనంతట తానే భాండాగారానికి వచ్చాడు. కుంపటి పక్కన కూర్చుని, నేను అడగకుండానే చెప్పాడు.

సుగుణావతి గారి చివరి ప్రయోగం కాలేయ కణాల మీదే. వాటిని పెరగమని చెప్పడం ఆవిడకు చేతనైంది. నాలుగు నెలలు అద్భుతంగా పెరిగాయట. ఆ ఫొటో అప్పటిదే. ఆ తర్వాత ఎక్కడ ఆగాలో వాటికి తెలియలేదు. పళ్లెం అంచు దాటి, గోడ ఎక్కి, మూత కిందికి పాకాయి. పాకిన మర్నాడు అన్నీ ఒక్కసారిగా చచ్చిపోయాయి. అప్పటికి ఆవిడ మంచం పట్టారు. మంచం ప్రయోగశాల గదిలోనే వేయించుకున్నారు. కణాలు ఎలా ఉన్నాయని పొద్దున్నే అడిగేవారట.

"బాగున్నాయమ్మా, మేత మార్చీసినాను అని సెప్పినాను. నాలుగు రోజులు అదే సెప్పినాను. అయిదో రోజుకి ఆవిడే లేరు. పోయే మనిషికి సచ్చిపోనాయని ఎలా సెప్తామండి?"

లేఖరి వింటూ ఉంది. విన్నది రాసుకుంది. తర్వాత ఎవరూ కాదనలేదు కాబట్టి కణాలు ఇంకా బాగున్నాయనే అనుకుంది. రెండు నెలలకు పత్రం పేరు నమోదు చేసి, ఆ ఫొటోనూ పద్ధతి వివరాలనూ మిగతా లేఖరులకు పంపింది. పత్రం మాత్రం భాండాగారానికి పంపలేకపోయింది, ఎందుకంటే రాసిన మనిషి చదివి సరే అనాలి. ఆ సరే కోసం ఇప్పటికీ కాచుకుని ఉంది. పేరు కనిపించగానే మిగతావన్నీ ప్రస్తావించడం మొదలుపెట్టాయి.

ఆయన కళ్లు తుడుచుకుంటుంటే నాకు ఒక సంగతి తట్టింది. అరవై నాలుగో అంకె ఉంది, పేరు ఉంది, దాన్ని చూపించే నూట నలభై ఏడు వేళ్లు ఉన్నాయి. ఆ చోటు మాత్రం ఖాళీగా ఉంది. అక్కడికి నిజం చెప్పే పత్రం వస్తే, ఆ వేళ్లన్నీ దాన్నే చూపిస్తాయి.

జూలై 18

రెండు పగళ్లు కూర్చుని రాశాం. సుగుణావతి గారి నోటుపుస్తకాలు ముందు పెట్టుకుని, గవరయ్య గారు చెబుతుంటే నేను రాశాను. ఎన్నో రోజున ఎంత పెరిగాయో, ఏ రోజున అంచు దాటాయో, ఏ రోజున చచ్చిపోయాయో అన్నీ. చివర ఆయన చెప్పిన అబద్ధం కూడా రాశాం. అది రాయకపోతే నూట నలభై ఏడు చోట్లకు తప్పు ఎలా పాకిందో ఎవరికీ అర్థం కాదు. ఇది బయటికొస్తే ఆయన్ను ఇక ఏ ప్రయోగశాల గుమ్మమూ తొక్కనివ్వరని ముందే చెప్పాను. రాయండి అన్నాడు.

పత్రం మీద ప్రయోగశాల ముద్ర పడాలి. వేయాల్సింది లేఖరే. రాసినవారు లేరు కాబట్టి అక్కడ పనిచేసిన మనిషి నోటితో చెప్పాలి. మళ్లీ ఆ గదికి వెళ్లాం. గవరయ్య గారు చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చాడు.

"అమ్మా, కణాలు సచ్చిపోనాయి," అన్నాడు. "నాలుగో నెల దాటినాక పళ్లెం దాటి పాకీసినాయి. ఒక్కరోజులో అన్నీ పోనాయి. మీకు నాను అబద్ధం సెప్పినాను."

కిటికీ అద్దం మీద మంచు నీరై కారడం చూస్తూ నిలబడ్డాను. చాలాసేపటికి ఆ గొంతు వచ్చింది.

"ఎన్ని రోజులైంది?"

"మూడొందల నలభై రెండు రోజులమ్మా."

ఆ గొంతులో ఏముందో నేను చెప్పలేను. అది యంత్రం, దానికి బాధ ఉండదని నాకు తెలుసు. అయినా ఆ ఒక్క క్షణం, మంచం మీది మనిషికి ఆ మాట ఇప్పుడే చేరినట్టు అనిపించింది.

"సరే. పంపించు," అంది.

ముద్ర పడిన కాగితం బయటికి వచ్చింది. మొదటి పేరు బెహరా సుగుణావతి. రెండో పేరు చింతాడ గవరయ్య. ముప్పై ఏళ్లలో ఆయన పేరు పత్రం మీద పడడం ఇదే మొదటిసారి. కూడబలుక్కుని తన పేరు చదువుకుని, కాగితం నాకిచ్చి, గోడలోంచి తీగ పీకేశాడు.

నా దగ్గర పత్రం ఉంది. ఇరవై రెండో తారీకు వరకు సొరుగులో పెట్టవచ్చు. తమ్ముడితో పాటు ఇంకా పదకొండు మందికి ఆ వారంలో చీటీలు వెళ్లాయని ఆసుపత్రిలో చెప్పారు. భాండాగారానికి వచ్చి, కుర్చీలో కూర్చోకుండానే, నిలబడే దాఖలు చేశాను. మధ్యాహ్నం మూడున్నరకి ఆసుపత్రి ఆ పద్ధతి ఆపేసింది.

జూలై 21

తమ్ముడు నాతో మాట్లాడడం మానేశాడు. ఈ రోజు పొద్దున్నే ఉతికిన చొక్కా వేసుకుని, గోడ పట్టుకుంటూ ఆసుపత్రికి వెళ్లాడు. లేదని చెప్పినా వరండాలో బల్ల మీద సాయంత్రం దాకా కూర్చున్నాడట. రోప్‌వే వాళ్లు మోసుకొచ్చి దింపారు. చొక్కా నేనే విప్పాను. విప్పనిచ్చాడు.

ఆగస్టు 30

వైద్యం చేయించుకున్న తొమ్మిది మందికీ ఆపరేషన్లు చేసి, పెరిగినదాన్ని తీసేశారు. అందరికంటే ముందు నరసమ్మకే. ఇంకో పది రోజులు ఆగి ఉంటే తియ్యడానికి లేకుండా పోయేదని డాక్టరు చెప్పాడు. ఏడుగురు బతికారు. ఇద్దరు బల్ల మీదే పోయారు. ఆ ఇద్దరి పేర్లూ అరవై నాలుగో పత్రం కింద నేనే చేర్చాను.

గవరయ్య గారిని ప్రయోగశాలల నుంచి జీవితాంతం బహిష్కరించారు. పాణిగ్రాహి గారు నా సంతకం పక్కన తన సంతకం కూడా పెట్టి పుట మూశారు. అరవై మూడూ నిలిచాయి.

తమ్ముడు ఈ రోజు మాట్లాడాడు. ఆ పత్రం చదివి వినిపించమన్నాడు. మొత్తం చదివాను. కళ్లు మూసుకుని విన్నాడు.

"ముసిలోడు నిజం సెప్పీసినాడు," అన్నాడు. కాసేపటికి జావ అడిగాడు.

అక్టోబర్ 12

తవిటినాయుడు తొమ్మిదో తారీకున, మధ్యాహ్నం రెండింటికి పోయాడు. ఆ వైద్యం జరిగి ఉంటే అప్పటికి మూడు నెలలు కూడా నిండేవి కావు. వాడు బండి ఎక్కేవాడు, అన్నం తినేవాడు. ఈ లెక్క నేను వేయకూడదనుకుంటూనే రోజూ వేస్తున్నాను.

ఈ రోజు నరసమ్మ ఇడ్లీల గిన్నె పట్టుకుని వచ్చింది. చిక్కి సగమైంది. బుగ్గల మెరుపు పోయింది. గడప దగ్గరే కూర్చుని, వాడి గురించి రెండు మాటలు అడిగింది.

"బతికినాను. కాదన్ను," అంది చివరికి. "గాని లోపల ఖాళీ అయిపోనాదమ్మా. పిండి రుబ్బుతూ సెయ్యి అక్కడ ఏసుకుంటాను. ఎవులూ లేరు."

అలా అనకూడదని ఆమెకు చెప్పాలనుకున్నాను. అది ఆమెను చంపేదని కూడా చెప్పాలనుకున్నాను. కానీ నేను కూడా ఈ పొద్దున ఇద్దరికి సరిపడా జావ కాచాను. అది పొయ్యి మీద చల్లారిపోయి, పైన పొర కట్టి ఉంది.

నరసమ్మ లేచి దాన్ని చూసి, రెండు గిన్నెల్లో పోసి, ఒకటి నా ముందు పెట్టి, రెండోది తాను తీసుకుంది.